హృదయానికి పరిమళం: దక్కను యూనానీ సంప్రదాయంలో సుగంధ తైలాలు, మనోవ్యాకులత

హైదరాబాదులో అబిడ్స్‌కూ నాంపల్లికీ నడుమ మొఅజ్జంజాహీ మార్కెట్ ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ఆయన రెండవ కుమారుడు మొఅజ్జం జాహ్ పేరిట, 1935లో ఈ రాతికట్టడం నిర్మించబడింది. పండ్లకు, ఐస్‌క్రీముకు ఎంత పేరుందో ఇక్కడి అత్తరు దుకాణాలకూ అంత పేరుంది. గులాబ్, ఖస్, మోతియా, కేవడా, సందల్, ఊద్ - ఇలా సీసాలు వరుసగా అమర్చి ఉంటాయి. దుకాణదారు గాజుపుల్లను సీసాలో ముంచి, వచ్చినవారి చేతి వెనుక భాగంలో ఒక్క గీత గీసి, కాసేపు ఆగి వాసన చూడమంటాడు. ఫలానా అత్తరు మనసుకు చల్లదనాన్నిస్తుందని, ఫలానాది గుండెదడను తగ్గిస్తుందని అమ్మేవారు చెప్పడం, కొనేవారు నమ్మడం తరతరాలుగా వస్తున్నదే.

ఈ నమ్మకం బజారులో పుట్టినది కాదు. దీని వెనుక వెయ్యేళ్ళకు పైబడిన వైద్యచరిత్ర ఉంది. బాగ్దాదు, హమదాన్, బిజాపూర్, గోల్కొండ నగరాల విద్వాంసులు ఈ విషయంపై గ్రంథాలు రచించారు. గత పదిహేను, ఇరవై సంవత్సరాలలో ఐరోపా, జపాన్ దేశాల శాస్త్రజ్ఞులు దీనినే మరొక పద్ధతిలో పరీక్షకు పెట్టారు. పూర్వులు చెప్పినదేమిటి, ఇప్పుడు రుజువైనదెంత, రుజువు కానిదెంత అనే మూడు ప్రశ్నలను వేరుచేసి చూడడం అవసరం. ఎందుకంటే నిద్రలేక, గుండె దడదడలాడుతూ, అకారణమైన భయంతో బాధపడే మనిషికి ఒక సీసా అత్తరు చేతిలో పెట్టి పంపడం సరిపోతుందా లేదా అన్నది ఒక కుటుంబం క్షేమానికి సంబంధించిన విషయం.

పరిసరాల పరిచయం

అబిడ్స్ అనే పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియను వ్యక్తి దుకాణాన్ని బట్టి వచ్చింది. అక్కడి చిరాగ్ అలీ గల్లీ హైదరాబాదు రాజ్య సేవలో ఉన్న ప్రసిద్ధ విద్వాంసుడు మౌల్వీ చిరాగ్ అలీ పేరును నిలుపుతున్నది. నాంపల్లి వైపు వెళితే రైలు స్టేషను, బాగె ఆమ్, యూసుఫైన్ దర్గా వస్తాయి. ఈ దర్గాలో సమాధులైన హజ్రత్ యూసుఫ్, హజ్రత్ షరీఫ్ చిష్తీ పరంపరకు చెందినవారు. ఔరంగజేబు సైన్యంతోపాటు వీరు దక్కనుకు వచ్చారని సంప్రదాయం చెబుతుంది. ఉర్సు రోజులలో ‘సందల్’ పేరిట మంచిగంధపు ముద్దను ఊరేగింపుగా తెచ్చి సమర్పిస్తారు. గులాబీ రేకులు, ఊదుపొగ, అత్తరు అక్కడి గాలిలో కలిసి ఉంటాయి. మనసులో బరువు ఉన్నవారు ఎందరో మతభేదం లేకుండా అక్కడికి వచ్చి కూర్చొని పోతారు. దర్గా సందర్శనం విషయంలో ముస్లిములలో అభిప్రాయభేదాలు ఉన్నమాట వాస్తవమే. అయినా పరిమళానికీ మనశ్శాంతికీ ఉన్న సంబంధాన్ని సామాన్యుడు ఎలా అనుభవిస్తున్నాడో తెలుసుకోవడానికి ఈ ప్రదేశం చక్కని నిదర్శనం.

ధర్మగ్రంథాలలో సుగంధం

దివ్య ఖుర్ఆన్ స్వర్గసుఖాలను వర్ణించే సందర్భాలలో కర్పూరాన్ని, శొంఠిని, కస్తూరిని పేర్కొంటుంది. ‘రైహాన్’ అనే పదం అర్రహ్మాన్, అల్‌వాఖిఆ సూరాలలో కనిపిస్తుంది. యూసుఫ్ సూరాలో మరింత హృదయస్పర్శి అయిన ఘట్టం ఉంది. కుమారుని ఎడబాటుతో కుమిలి చూపు పోగొట్టుకొన్న యాఖూబ్ ప్రవక్త, యూసుఫ్ చొక్కాతో బిడారు బయలుదేరగానే, ఎంతో దూరం నుంచే బిడ్డ పరిమళాన్ని గుర్తిస్తాడు. దుఃఖోపశమనానికి తొలి సంకేతం ఆయనకు వాసన రూపంలోనే అందింది.

మహాప్రవక్త ముహమ్మద్ (స) సుగంధాన్ని ఎంతో ఇష్టపడేవారని, ఎవరైనా సుగంధం ఇస్తే నిరాకరించేవారు కాదని హదీసులవలన తెలుస్తున్నది. శుక్రవారం స్నానం చేసి, ఉన్న సుగంధం పూసుకొని నమాజుకు వెళ్ళడం ప్రశంసించబడింది. బాధలో ఉన్నవారి హృదయానికి ఊరట కలిగించే ఆహారంగా ‘తల్బీనా’ అనే బార్లీ గంజిని హజ్రత్ ఆయిషా (ర) సూచించేవారని బుఖారీ సంకలనంలో ఉంది. దుఃఖాన్ని, వ్యాకులతను సంరక్షణ అవసరమైన స్థితిగా గుర్తించడం ఇందులో గమనార్హం. బాధపడేవానిని విశ్వాసం తక్కువైనవాడని నిందించే ధోరణి ఇందులో కనిపించదు.

అయితే ఈ వచనాలలో దేనినీ ఫలానా తైలం ఫలానా రోగానికి మందు అనే అర్థంలో తీసుకోవడానికి వీలులేదు. సుగంధం పట్ల ఆదరం ధర్మం నేర్పింది. దాని గుణదోషాల పరిశీలనను వైద్యులు తమ బాధ్యతగా స్వీకరించారు.

బట్టీ నుంచి వైద్యశాలకు

పువ్వులలోని పరిమళాన్ని ఆవిరి ద్వారా వేరుచేసే విద్యను అబ్బాసీ యుగపు విద్వాంసులు బాగా పెంపొందించారు. అరబ్బు తత్త్వవేత్త అల్‌కిందీ (క్రీ.శ. 9వ శతాబ్ది) పేరిట నిలిచి ఉన్న ‘కితాబ్ కీమియా అల్‌ఇత్ర్ వత్తస్ఈదాత్’ అనే గ్రంథంలో 107 విధానాలు ఉన్నాయి. కస్తూరి వంటి ఖరీదైన పదార్థాలకు బదులుగా చవకగా తయారుచేయగల అనుకరణలు కూడా అందులో వివరించబడ్డాయి. అంటే అసలు, నకిలీ అనే సమస్య ఈ విద్యతోపాటే పుట్టిందన్నమాట.

మనోవ్యాకులతను గురించి ఆ యుగంలో శ్రద్ధగా వ్రాసినవారిలో అబూ జైద్ అల్‌బల్ఖీ (850-934) ముఖ్యుడు. ఆయన రచించిన ‘మసాలిహ్ అల్‌అబ్దాన్ వల్ అన్ఫుస్’ దేహారోగ్యాన్నీ మనోరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో పక్కపక్కన చర్చించింది. క్రోధం, భయం, దుఃఖం, వస్వాస్ (మనిషిని వదలక వేధించే ఆలోచనలు) అనే స్థితులను ఆయన వేరువేరుగా విడదీసి, ఒక్కొక్కదానికి తగిన ఉపాయాలను సూచించాడు. ఆపద వేళకు మందులను ముందుగానే సిద్ధం చేసుకొన్నట్లు, మనసు నెమ్మదిగా ఉన్న రోజులలోనే ధైర్యమిచ్చే ఆలోచనలను కూడబెట్టుకోవాలని ఆయన బోధించాడు. నేటి మనోవైద్యులు మాటల ద్వారా చేసే చికిత్సకు ఇది దగ్గరగా ఉండడం ఆశ్చర్యం కలిగించే విషయం. ఇస్తాంబుల్‌లో భద్రపరచబడిన ఈ గ్రంథపు వ్రాతప్రతిని 1984లో ఫువాత్ సెజ్‌గిన్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి యథాతథ ముద్రణగా వెలువరించాడు.

ఇబ్న్ సీనా: హృదయౌషధాలు

సుగంధ చికిత్సకు సిద్ధాంతబలం చేకూర్చినవాడు ఇబ్న్ సీనా (980-1037). ‘అల్‌ఖానూన్ ఫిత్తిబ్బ్’ అనే మహాగ్రంథమే కాక ‘అల్‌అద్వియా అల్‌ఖల్బియ్యా’, అనగా హృదయౌషధాలు, అనే చిన్న పుస్తకాన్ని కూడా ఆయన వ్రాశాడు. విలనోవా వాసి అర్నాల్డ్ అనే వైద్యుడు దీనిని 14వ శతాబ్ది ఆరంభంలో లాటిను భాషలోకి అనువదించడంతో ఇది ఐరోపాకు కూడా చేరింది.

ఇబ్న్ సీనా దృష్టిలో హృదయం ‘రూహ్’కు స్థానం. ఇక్కడ రూహ్ అంటే ధర్మశాస్త్రంలోని ఆత్మ కాదు. దేహమంతటా సంచరించే సూక్ష్మమైన ప్రాణవాయువు. అది సమృద్ధిగా, స్వచ్ఛంగా ఉన్నప్పుడు మనిషి సంతోషానికి అనువుగా ఉంటాడు. అది కొరవడినా మసకబారినా చిన్న కారణానికే భయం, దిగులు కలుగుతాయి. పరిమళద్రవ్యాలు ఈ రూహ్‌కు బలమిస్తాయని ఆయన అభిప్రాయం. గులాబీ, మంచిగంధం, కుంకుమపువ్వు, కర్పూరం, కస్తూరి, అంబరు, మాదీఫలం, బాద్రంజ్‌బోయా మొదలైనవాటి గుణాలను ఆయన వివరించాడు. యూనానీ వైద్యులు ‘ముఫర్రిహ్’ (ఉల్లాసకరం) అని పిలిచే ఔషధవర్గానికి ఇదే పునాది. నేటికీ ఖఫఖాన్ (గుండెదడ) ఉన్నవారికి హకీములు ఇచ్చే ఖమీరా సందల్, ఖమీరా గావ్‌జబాన్, అర్ఖె గులాబ్ వంటివి ఈ పరంపరలోనివే.

ఈ సిద్ధాంతంలోని ‘రూహ్’ను ఆధునిక శరీరశాస్త్రం అంగీకరించదు. అయితే ఇబ్న్ సీనా మరొక విషయం కూడా నేర్పాడు. దానినే తరువాతి తరాలు ఎక్కువగా మరచిపోయాయి. అల్‌ఖానూన్ రెండవ సంపుటంలో ఔషధాన్ని పరీక్షించడానికి ఆయన ఏడు నియమాలు పెట్టాడు. మందులో పరాయి గుణం కలిసి ఉండరాదు. ఒకే రోగం ఉన్నవానిపై పరీక్షించాలి, పలు రోగాలు కలిసినవానిపై కాదు. పరస్పర విరుద్ధమైన రోగాలపై కూడా దానిని పరీక్షించాలి. మందు బలం రోగబలానికి తగి ఉండాలి. అది పనిచేసే సమయాన్ని గమనించాలి. ఒక్కసారి కనబడిన ఫలితం యాదృచ్ఛికం కావచ్చు గనుక, ఎల్లప్పుడూ లేక ఎక్కువసార్లు అదే ఫలితం రావాలి. చివరగా, పరీక్ష మనిషి దేహంపై జరగాలి. జంతువుపై పనిచేసినది మనిషిపై పనిచేయకపోవచ్చు. అత్తరు మనసుకు మంచిదన్న మాటను కూడా ఈ ఏడు నియమాల త్రాసులోనే తూచవలసి ఉంటుంది.

దక్కనులో ఈ విద్య

బహమనీ, ఆదిల్‌షాహీ, కుతుబ్‌షాహీ రాజ్యాలలో ఇరాన్ నుంచి వచ్చిన వైద్యులకు, విద్వాంసులకు గొప్ప ఆదరణ లభించింది. బిజాపూర్‌లో రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా (1580-1627) కాలంలో నిజాముద్దీన్ మహమూద్ అనే రచయిత ‘ఇత్రె నౌరస్‌షాహీ’ అనే పారసీక గ్రంథాన్ని సుగంధద్రవ్యాల తయారీపైననే రచించాడు. ఆనాటి దక్కనులో పరిమళం కేవలం అలంకారం కాదని, దేహధాతువుల సమతౌల్యానికీ మనోభావాలకూ సంబంధించిన విద్య అని ఇటువంటి గ్రంథాల వలన విదితమవుతున్నది.

1591లో హైదరాబాదు నగరాన్ని నెలకొల్పిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో దారుష్షిఫా అనే వైద్యశాలను కట్టించాడు. చతురస్రాకారపు ముంగిలి చుట్టూ రెండంతస్తులలో గదులు, రోగులకు బస, విద్యార్థులకు యూనానీ వైద్యబోధన - ఇదీ దాని స్వరూపం. నేటికీ ఆ పేట దారుష్షిఫా పేరుతోనే వ్యవహరించబడుతున్నది. ఈ సంస్థ చరిత్రను వెలికితీసి 1957లో ప్రకటించినవాడు తెలుగువాడైన వైద్యచరిత్రకారుడు డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి. ఉస్మానియా వైద్యకళాశాలలో 1956లో ఏర్పడిన వైద్యచరిత్ర విభాగానికి ఆయనే సారథి. ముస్లిం వైద్యుల కృషిని ఒక హిందూ విద్వాంసుడు ఇంత శ్రద్ధతో వెలుగులోకి తేవడం ఈ నగర సంస్కృతికి తగినదే.

కుతుబ్‌షాహీ రాజ్యానికి పేష్వాగా ఉండి 1625లో మరణించిన మీర్ ముహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ ‘రిసాలా మిఖ్దారియ్యా’ అనే గ్రంథంలో తూనికలను, కొలతలను చర్చించాడు. చూడడానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని మోతాదు తెలియని మందు మందు కాదు. కర్పూరం, కుంకుమపువ్వు వంటివి కొద్దిగా వాడితే మందు, మించితే విషం. ఆ సంగతి తెలిసినవారే తూనికలపై గ్రంథం వ్రాయగలరు.

ఇదే కాలంలో ఉత్తరాదిన గులాబీ అత్తరు ప్రస్తావన వస్తుంది. దీనిని నూర్జహాన్ కనిపెట్టిందని లోకంలో వాడుక. కాని జహంగీరు తన స్వీయచరిత్రలో 1614 నాటి సంగతులు వ్రాస్తూ ఈ ఘనతను నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకు ఇచ్చాడు. వేడి పన్నీరును పళ్ళెములలో పోసినప్పుడు పైన తేలిన నురుగువంటి తైలాన్ని ఆమె కొద్దికొద్దిగా సేకరించిందట. దాని పరిమళం కుంగిన హృదయాలను లేవనెత్తుతుందన్న భావం జహంగీరు వ్రాతలో కనబడుతుంది. చక్రవర్తి మాటలో సైతం ఇబ్న్ సీనా హృదయసిద్ధాంతమే ప్రతిధ్వనించింది.

ఆసఫ్‌జాహీ హైదరాబాదు

ఆసఫ్‌జాహీల పాలనలో యూనానీ వైద్యానికి ప్రభుత్వ పోషణ కొనసాగింది. చార్మినారు చెంత నిజామియా తిబ్బీ కళాశాల, దానికి అనుబంధమైన ఆసుపత్రి ఈ వైద్యానికి కేంద్రాలైనాయి. ఇదే నగరంలో పాశ్చాత్య వైద్యం కూడా వేళ్ళూనింది. ముక్కు ద్వారా పీల్చే మందు హృదయంపై ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నపై ఆనాడు ప్రపంచం దృష్టిని ఆకర్షించిన పరీక్ష హైదరాబాదులోనే జరిగింది. 1888, 1889 సంవత్సరాలలో రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరవ నిజాం ధనసహాయంతో, రెండు క్లోరోఫారం కమిషన్లు వందలాది జంతువులపై ప్రయోగాలు చేశాయి. క్లోరోఫారం వలన ముందు శ్వాస ఆగుతుందే గాని గుండెకు నేరుగా అపాయం లేదని అవి తేల్చాయి. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల వైద్యుడు పరిశోధించి, తక్కువ మత్తులో సైతం అది గుండె లయను ప్రాణాంతకంగా చెడగొట్టగలదని చూపడంతో ఆ తీర్పు తలక్రిందులైంది. ఘనమైన పరీక్ష కూడా మరొక పరీక్షకు లోబడవలసిందే అన్న పాఠం హైదరాబాదుకు అప్పుడే అందింది.

ఇక సుగంధ తైలాలనే ఇంటింటి మందుగా మార్చిన ఘనత హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీది. 1920లో ఆయన ప్రారంభించిన ‘జిందా తిలిస్మాత్’ తెలుగు ఇళ్ళలో మతభేదం లేకుండా వాడుకలోకి వచ్చింది. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు అందులోని ప్రధాన ద్రవ్యాలు; ఎర్రని రంగు రతన్‌జోత్ వేరుది. జలుబు, దగ్గు, కడుపునొప్పి వంటివాటికే దీని ప్రసిద్ధి; మనోవ్యాకులతకు మందుగా కాదు. అయినా మొక్కల నుంచి వచ్చే, ఆవిరయ్యే తైలాలపై ఈ నగర ప్రజలకు ఉన్న విశ్వాసానికి దీనిని మించిన ఉదాహరణ లేదు.

స్వాతంత్ర్యానంతరం యూనానీ పరిశోధనకు 1971లో హైదరాబాదులో కేంద్ర సంస్థ ఏర్పడింది. ఎర్రగడ్డలో ఉన్న ఈ సంస్థ బొల్లి మొదలైన చర్మవ్యాధులపై చేసిన కృషికి పేరుపొంది, 2019లో చర్మవ్యాధుల జాతీయ యూనానీ పరిశోధన సంస్థగా రూపొందింది. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం కూడా ఆ ఎర్రగడ్డలోనే ఉండడం విశేషం. పాత వైద్యం, కొత్త వైద్యం ఒకే పేటలో ఇరుగుపొరుగుగా ఉన్నాయి.

నేటి పరీక్షలు చెబుతున్నది

మొక్కల తైలాలలో మనోవ్యాకులత విషయమై ఎక్కువగా పరీక్షించబడినది లావెండరు తైలం. జర్మనీలో ‘సైలెక్సాన్’ పేరుతో తయారైన నిర్ణీత ప్రమాణంగల లావెండరు తైలాన్ని రోజుకు 80 మిల్లీగ్రాముల చొప్పున గొట్టం మాత్ర రూపంలో మ్రింగించి చూశారు. 2010లో ప్రకటించిన ఒక పరీక్షలో 221 మంది పాల్గొనగా, పది వారాలలో ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారికంటె తైలం తీసుకొన్నవారిలో వ్యాకులత ఎక్కువగా తగ్గింది. అదే సంవత్సరం 77 మందిపై జరిగిన మరొక పరీక్షలో దాని ఫలితం అరమిల్లీగ్రాము లోరాజెపాం అనే మందుతో ఇంచుమించు సమానంగా కనిపించింది. 2014లో 539 మందిపై జరిగిన పరీక్షలో కూడా 80, 160 మిల్లీగ్రాముల మోతాదులు రెండూ ఉత్తుత్తి మాత్రను మించాయి. ఈ పరీక్షలకు తయారీసంస్థ సహకారం ఉన్నదన్న సంగతిని కూడా చదువరులు గుర్తుంచుకోవాలి.

ఇది మ్రింగే మందును గురించి. వాసన చూడడం మాటేమిటి? 2018లో జపానులోని కగోషిమా విశ్వవిద్యాలయం వారు లావెండరులోని ప్రధానద్రవ్యాలలో ఒకటైన లినలూల్ వాసనను ఎలుకలకు చూపించారు. వాటి భయం తగ్గింది. వాసన పసిగట్టే శక్తి లేని ఎలుకలలో ఆ ఫలితం కనిపించలేదు. కాబట్టి రక్తంలో కలవడం వలననే కాక, ఘ్రాణనాడుల ద్వారానే ఈ ప్రభావం మెదడుకు చేరుతున్నదని వారు నిర్ణయించారు. వాసనను మోసే నాడులు మెదడులో భయం, జ్ఞాపకం వంటివాటిని నడిపించే భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరుతాయి. చిన్ననాటి ఈదుగాహ్ రోజు తాత చొక్కాకు ఉన్న అత్తరు వాసన యాభై ఏళ్ళ తరువాత తగిలినా కన్నీరు రావడానికి కారణం ఇదే.

మనుషులపై కూడా గులాబీ, లావెండరు, నారింజజాతి తైలాల వాసనతో పెక్కు పరీక్షలు జరిగాయి. శస్త్రచికిత్సకు ముందు, పంటివైద్యుని గదిలో, కాన్పు సమయంలో కలిగే తాత్కాలికమైన ఆదుర్దా కొంత తగ్గినట్లు వాటిలో చాలావరకు చెబుతున్నాయి. కాని వీటిలో ఎక్కువభాగం చిన్నవి. పైగా ఒక చిక్కు ఉంది. మాత్రను చూసి అసలుదో ఉత్తుత్తిదో రోగి చెప్పలేడు. వాసనను మాత్రం ఎలా దాచగలరు? గులాబీ వాసన తగిలిందని తెలిసిన రోగి మనసు ముందుగానే కుదుటపడవచ్చు. పరాయి గుణం కలిసి ఉండరాదన్న ఇబ్న్ సీనా మొదటి నియమమే ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతున్నది.

కనుక ఫలితాలను ఇలా చెప్పుకోవచ్చు. నిర్ణీత ప్రమాణంగల లావెండరు తైలం మ్రింగడం వలన తేలికపాటి, మధ్యరకపు వ్యాకులతకు ఉపశమనం కలగవచ్చునని చెప్పడానికి మంచి ఆధారం ఉంది. పరిమళం పీల్చడం వలన కొద్దిసేపు మనసు కుదుటపడడం సంభవమే. తీవ్రమైన, దీర్ఘకాలికమైన మనోరోగం అత్తరు వలన నయమవుతుందనడానికి ఆధారం లేదు.

సీసాలో ఉన్నదేమిటి?

పైన చెప్పిన పరీక్షల ఫలితం బజారులోని ప్రతి సీసాకు వర్తించదు. కన్నౌజు పద్ధతిలో అత్తరు తయారుచేసేటప్పుడు రాగి డేగులో పూలు, నీరు పోసి కాచి, వచ్చే ఆవిరిని మంచిగంధపు తైలం ఉన్న భప్కాలోకి పంపుతారు. మంచిగంధం ధర ఆకాశానికి అంటడంతో దాని స్థానంలో పారఫిన్ తైలం, ఇతర రసాయన ద్రవాలు వచ్చాయి. పువ్వుల స్థానంలో కర్మాగారపు సువాసనలు వచ్చాయి. గులాబీ అని అమ్మేదానిలో గులాబీ రేకు ఒక్కటీ లేకపోవచ్చు.

కల్తీ కొత్త సంగతి కాదు. ఖాందేశ్ మొదలైన ప్రాంతాలలో దొరికే రోషాగడ్డి తైలంలో గులాబీ వాసననిచ్చే జెరానియాల్ అధికంగా ఉంటుంది. 19వ శతాబ్దిలో ఈ తైలం బొంబాయి రేవు నుంచి ఎర్రసముద్రం మీదుగా తుర్కీ దేశానికి చేరి, అక్కడి గులాబీ తైలంలో కలపబడేది. అల్‌కిందీ గ్రంథంలోని అనుకరణ విధానాలు ఇక్కడ గుర్తుకు రాక మానవు. కొలతలోను, సరుకులోను మోసం చేయరాదన్నది ఇస్లామీయ వర్తకనీతికి మూలసూత్రం. అందువలన సీసాలో ఉన్నది పూలతైలమో రసాయనమో చెప్పి అమ్మడం దుకాణదారుని ధర్మం. రసాయనపు అత్తరు పూసుకోవడంలో తప్పేమీ లేదు. దానిని మందని చెప్పి అమ్మడంలోనే తప్పున్నది.

సిసలైన తైలం దొరికినా జాగ్రత్త అవసరమే. గాఢమైన తైలాలను నేరుగా చర్మంపై రాస్తే కొందరికి మంట, దద్దుర్లు కలుగుతాయి. కర్పూరం, నీలగిరి తైలం పసిపిల్లలు మ్రింగితే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. మ్రింగడానికి ప్రత్యేకంగా తయారుచేసినది తప్ప బజారులోని ఏ తైలాన్నీ లోపలికి తీసుకోరాదు. ఉబ్బసం ఉన్నవారికి ఘాటైన వాసన, ఊదుపొగ హాని చేయవచ్చు. గర్భిణులు, ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా వీటిని మందుగా వాడరాదు.

వారసత్వానికి న్యాయం

సుగంధతైలాల పంట నేడు ఈ ప్రాంతానికి కొత్త కాదు. హైదరాబాదు శివారు బోడుప్పల్‌లో ఉన్న కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ విభాగం నిమ్మగడ్డి, రోషాగడ్డి, వట్టివేరు వంటి పంటలలో రైతులకు సహాయపడుతున్నది. ఇబ్న్ సీనా పేర్కొన్న ద్రవ్యాలు, నిజామియా తిబ్బీ కళాశాల పరంపర, ఎర్రగడ్డలోని పరిశోధన సంస్థ, మనోవైద్యశాల, బోడుప్పల్ తోటలు అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. ఖమీరా సందల్‌నూ అర్ఖె గులాబ్‌నూ లావెండరు తైలానికి జరిగినంత నిశితమైన పరీక్షకు పెట్టడానికి ఇంతకంటె అనువైన చోటు దొరకడం కష్టం. పాశ్చాత్యులు ఒక పువ్వును పరీక్షించి నిగ్గు తేల్చారు. వందల పువ్వుల వారసత్వం ఉన్నవారు పూర్వుల ఘనతను పొగుడుకొంటూ కూర్చోవడం ఆ పూర్వులకే అన్యాయం. వారు విడిచిపెట్టి పోయినది ఔషధాల పట్టికతోపాటు పరీక్షా నియమాలను కూడా.

ఇక వ్యాకులతతో బాధపడే వ్యక్తి సంగతి. పరిమళం వానికి నిషిద్ధం కాదు, మేలే చేయవచ్చు. శుభ్రంగా స్నానం చేసి, ఇంత అత్తరు పూసుకొని, నలుగురితో కలిసి నమాజులో నిలబడడం మనసుకు ఊరటనిచ్చే దినచర్య. కాని వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పని చేసుకోలేకపోయినా, జీవితంపై విరక్తి మాటలు వినిపించినా ఆలస్యం చేయక మనోవైద్యుని వద్దకు తీసుకొనిపోవడం కుటుంబం విధి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనూ ఉర్దూలోనూ సలహా పొందవచ్చు. రోగానికి చికిత్స వెదకడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదని, ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని ప్రవక్త (స) బోధించారు. లోకం ఏమనుకొంటుందోనని రోగిని ఇంట్లో దాచిపెట్టడం ఆ బోధకు విరుద్ధం.

మొఅజ్జంజాహీ మార్కెట్‌లో గాజుపుల్ల చివర మెరిసే ఒక్క బొట్టులో బాగ్దాదు బట్టీలు, హమదాన్ వైద్యుని లేఖిని, దారుష్షిఫా ముంగిలి అన్నీ ఇమిడి ఉన్నాయి. దానిని ప్రీతితో పూసుకోవచ్చు. అది ఎంతవరకు మందో తెలుసుకొని పూసుకొంటే ఇబ్న్ సీనా మరింత సంతోషిస్తాడు.